రెండో చరణంలో చుక్కల మందు

మా ఆయన కొర్రాదో చొక్కాలు నేను ఇస్త్రీ చేస్తుంటే నా చెయ్యి దానంతటదే తాళంలో పడింది. కాలరు మీద ఒకటి, భుజం మీద రెండు, చేతుల మీద మూడు, నాలుగు. ఇస్త్రీపెట్టె బల్లకి తగిలి దమ్, దమ్, దమ్, దమ్. పక్కగదిలోంచి మా అత్తగారు ఎర్సీలియా అరిచింది: "నీవెస్! ఆ బల్ల విరగ్గొడతావా ఏం? పాటలు చాలక ఇస్త్రీ కూడా డిస్కోయేనా?" నాకు నవ్వాగలేదు. మరేమనుకున్నారు అత్తయ్యా, అచ్చంగా డిస్కోయే!

నాకు నలభై ఒకటి. ఇరవయ్యేళ్ళుగా పొడుగు గౌను వేసుకుని, మైకు ముందు కొయ్యబొమ్మలా నిలబడి, వదిలేసి వెళ్ళిపోయిన మగవాళ్ళ కోసం ఏడుస్తూ పాడాను. ఆ పాటలన్నీ నా భర్త కొర్రాదోవే. బాణీ అతనిదే, మాటలు అతనివే, వాద్యబృందం ముందు నిలబడి కర్ర ఊపేదీ అతనే. ఈ పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది వసంతంలో రికార్డు కంపెనీవాళ్ళు ఇక ఏడుపులు చాలన్నారు. జనం కాళ్ళాడించే రికార్డు కావాలి, ఎనిమిది పాటలు, అన్నారు. కొర్రాదో వారం రోజులు మొహం ముడుచుకున్నాడు. "నలభై దాటాక గెంతులేంటి? జనం నిన్ను చూసి కాదు, నన్ను చూసి నవ్వుతారు," అన్నాడు. అత్తగారైతే, "టీవీలో నడుం తిప్పుతావా? రేపు రొట్టెల కొట్టుకి నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?" అని సాధించింది. ఆవిడ ఆ కొట్టు గుమ్మం తొక్కి ఆరేళ్ళయింది. రోజూ వెళ్ళేది నేనే.

కానీ స్టూడియోలో మొదటిరోజు ఆ డ్రమ్ము హెడ్‌ఫోన్లలో మోగిందీ, అబ్బ, ఏం చెప్పను! అరికాళ్ళలోంచి జివ్వున పైకెక్కింది. ఇరవయ్యేళ్ళుగా నాకు మోకాళ్ళున్న సంగతే మర్చిపోయాను. గంతులేస్తూ, చెమటలు కక్కుతూ ఏడు పాటలు పాడేశాను. అద్దం అవతల కూర్చునే సౌండ్ ఇంజనీరు దుయీలియో, ఏళ్ళ తరబడి నా ఏడుపులు రికార్డు చేసిన మనిషి, "సిన్యోరా, మీరు పాడుతున్నారా, మమ్మల్ని తరుముతున్నారా?" అన్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రాములో కూడా నా మడమ ఆగలేదు.

ఎనిమిదో పాట దగ్గర చిక్కొచ్చింది. బాణీ ఉంది, మాటలు లేవు. ఇటలీలో, మా మిలానో స్టూడియోల్లో ఇది మామూలే. మాటలు వచ్చేదాకా ఇంగ్లీషులా వినిపించే కూతలేవో కూస్తాం, వాటికి అర్థం పర్థం ఉండదు. తరవాత అసలు మాటలు వాటి మీదే పాడతాం, కూతలు చెరిగిపోతాయి. టేపులో ఉన్నవే పదహారు వరసలు, అంటే ట్రాకులు. పదిహేను వరసలు డ్రమ్ములతో, వయొలిన్లతో, బాకాలతో నిండిపోయాయి. నా గొంతుకి మిగిలింది ఒక్కటే.

"మాటలు నేనొచ్చేటప్పుడు తెస్తా. ఈలోపు నోటికొచ్చింది కూసి ఉంచు, ఎలాగూ చెరిపేసేదే కదా," అని కొర్రాదో కంపెనీవాళ్ళతో భోజనానికి వెళ్ళిపోయాడు.

మొదలుపెట్టాను. బేబీ, నైటీ, ఫీలీ, హోనీ. రెండు ముక్కలకే విసుగొచ్చింది. అసలు నా మనసు అక్కడుంటేగా? చిక్కుడు గింజలు నానబోశానా లేదా? నీలం చొక్కాకి గుండీ కుట్టలేదు. నాలుగింటికి అత్తగారికి చుక్కల మందు, సరిగ్గా పన్నెండు చుక్కలు, పదమూడోది పడిందంటే చంపడానికి చూశానంటుంది. నేను స్టూడియోలో ఉన్న రోజున నాలుగింటికి ఫోన్ చేసి, చెవిలో రిసీవరు పెట్టుకుని, ఆవిడ చేత ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టించాలి. బుర్రలో గిరగిరా తిరుగుతున్నదే నోట్లోకి వచ్చేసింది. గింజలు నానబెట్టు, గుండీ కుట్టు, ఫోన్ మోగితే ఆయన లేడని చెప్పు. రెండో చరణంలో చుక్కల మందు, ఒకటి నుంచి పన్నెండు దాకా డ్రమ్ముతో సమానంగా. పల్లవికి వచ్చేసరికి రిసోటో! గిన్నెలో బియ్యం పడ్డాక పద్దెనిమిది నిమిషాలు గరిటె ఆపకూడదు, తలుపు ఎవరు కొట్టినా, ఎవరు పిలిచినా. "కలుపు, కలుపు, ఆపకు! కలుపు, కలుపు, ఆపకు!" అరుస్తున్నాను, నవ్వుతున్నాను, కళ్ళల్లో నీళ్ళు. చివర ఊపిరందక, "ఈ చేతులు నావే కదా?" అనేశాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. ఇరవయ్యేళ్ళలో పాటలో నా సొంత మాట పడటం అదే మొదలు.

అద్దం అవతల దుయీలియో లేచి నిలబడి ఉన్నాడు. "సిన్యోరా, మా ఆవిడ రోజూ ఈ పాటే పాడుతుంది, బాణీ లేకుండా. దీన్ని నేను చెరపను. ఇంకెవరైనా వచ్చి చెరుపుకోవాల్సిందే," అన్నాడు.

మూడున్నరకి కొర్రాదో కాగితం ఊపుకుంటూ వచ్చాడు. 'నీ చూపుల సంకెళ్ళలో నేనొక బానిసను' అట. దుయీలియో అడక్కుండానే టేపు వేశాడు.

"ఏంటిది, వంటింటి చిట్టానా?" అని మొహం చిట్లించాడు కొర్రాదో. నేను మాత్రం అతని మొహం చూడలేదు, బల్ల కింద కాలు చూశాను. పల్లవి రెండోసారి వచ్చేసరికి బూటు నేలమీద టకటకలాడుతోంది. పాట అయిపోయాక తను తెచ్చిన కాగితం మడిచేశాడు.

"ఇది... ఇది హిట్టవుతుంది నీవెస్!"

నా గుండె ఎగిరి గంతేసింది. చెరపడు! ఉంచుతాడు! అంతలోనే పాటల వివరాల కాగితం లాక్కుని, 'మాటలు' అన్నచోట తన పేరు రాసేసుకున్నాడు.

"అదేంటి?" అన్నాను.

"నీకు రచయితల సంఘం కార్డు లేదుగా. దానికి పరీక్ష రాయాలి, నెగ్గాలి. లేకపోతే పేరు వెయ్యరు. అయినా ఎవరి పేరైతే ఏముంది, అంతా ఇంట్లోదేగా!"

ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యేళ్ళుగా నేను చేసిందంతా అలాగే 'ఇంట్లోది' అయిపోయింది. అరుద్దామనుకున్నాను. కానీ ఆ డ్రమ్ము ఇంకా నా కాళ్ళలోనే ఉంది, భయం రానివ్వలేదు. గడియారం చూశాను. నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది.

"సరే కొర్రాదో, ఈ మాటలు నీవే," అని కోటు తీసుకున్నాను.

"అంతేగా మరి," అన్నాడు, పెన్ను జేబులో పెట్టుకుంటూ.

"మాటలు నీవైతే అందులో ఉన్నవన్నీ నీవే. గుండీ మొదటి చరణంలో ఉంది. నాలుగింటికి మీ అమ్మకి ఫోన్ చెయ్యాలి, అది రెండో చరణం. రిసోటో పల్లవిలో ఉంది, గరిటె ఆపకు."

"నీకేమైనా పిచ్చా? నువ్వెక్కడికి?"

"సంఘం ఆఫీసుకి. ఐదింటిదాకా తెరిచే ఉంటుంది. పరీక్ష ఫారం తెచ్చుకుంటాను. పాడినదాన్ని నేను, నా సంతకం లేనిదే కంపెనీ టేపు ముట్టుకోదు. నా కార్డు వచ్చి, నా పేరు పడ్డాకే నా సంతకం. అప్పటిదాకా మాటలూ నీవే, పనులూ నీవే!"

దుయీలియో దగ్గు వచ్చినట్టు నటించి అటు తిరిగాడు. నేను నడవాలోకి వచ్చేశాను, మడమలు టకటకలాడిస్తూ. వెనక తలుపు మూసుకోబోతుండగా కొర్రాదో గొంతు వినిపించింది.

"దుయీలియో, ఎన్ని చుక్కలంది? ఆ ముక్క మళ్ళీ వెయ్యి."