మొదటి వరుసలో మామయ్య

మా మామయ్యకి పొద్దు వాలితే కునుకు ఆగదు. ఆయన తప్పేం లేదు, మాది బేకరీ. ఊరంతా దుప్పటి ముసుగులో ఉండగానే లేచి పిండి కలుపుతాం. తెల్లారేసరికి రొట్టెలు పొయ్యి దిగాలి. అందుకని మా ఇంట్లో రాత్రి భోజనం సాయంత్రమే అయిపోతుంది. ఆ తర్వాత ఎవరైనా తలుపు కొడితే వాళ్ల ఖర్మ.

అలాంటి ఇంటికి మా ఆడపడుచు ఫోన్ చేసింది. నగరంలో పెద్ద కళాకేంద్రం ఉందే, అందులో తన మొదటి వయొలిన్ కచేరీ అట. మామయ్యకి, మా ఆయనకి, నాకు మొదటి వరుసలో టికెట్లు తీసి పెట్టిందట. కచేరీ మొదలయ్యేది సరిగ్గా మేం పక్కలు వేసుకునే వేళకి.

బస్సుల సంగతి మా ఆయన చూసుకున్నారు. ఎన్నడూ మూయని దుకాణానికి సెలవు పెట్టాలని నేను తేల్చేశాను. ఇక మామయ్యని మెలకువగా ఉంచడం ఒక్కటే మిగిలింది. దానికీ ఒక ఉపాయం ఆలోచించాను. సాయంత్రం ముందు గదిలో కుర్చీలు వేసి, దీపాలు ఆర్పి, రేడియోలో సంగీతం పెట్టాను. రెండో పాటకే మామయ్య గురక అందుకున్నారు. మర్నాడు చిక్కటి కాఫీ పట్టించాను. అది తాగి మరీ పడుకున్నారు. ఆ మర్నాడు ఆయన్ని తట్టి లేపాల్సిన నేనే మా ఆయన భుజం మీద తల వాల్చేశాను. మా ఆయన అప్పటికే నిద్రలో వేరే లోకంలో ఉన్నారు. పిండి కలిపే వేళకి ముగ్గురం మెడలు పట్టేసి కుర్చీల్లోంచి లేచాం. నేను నవ్వాపుకోలేకపోయాను. మామయ్య మాత్రం నవ్వలేదు.

పిండి పిసుకుతూ, తల ఎత్తకుండానే అన్నారు, "అమ్మాయ్, మీరిద్దరూ వెళ్లి రండి. నేను రాను."

"అదేంటి మామయ్యా?"

"దాని ఎదురుగా కూర్చుని గురక పెడితే దాని పరువేం కావాలి? చిన్నప్పుడూ ఇంతే. అది సాయంత్రం బడి నుంచొచ్చి వాయించుకుంటుంటే నేను గోడవతల పడుకునేవాణ్ణి. ఒక్కనాడూ కూర్చుని విన్న పాపాన పోలేదు. ఇప్పుడు అంతదూరం వెళ్లి కూడా అదే పని చెయ్యనా?"

నాకసలే ముక్కు మీద ఉంటుంది కోపం. అది ఎవరి మీద చూపించాలో తెలియలేదు. దుకాణంలో రద్దీ తగ్గగానే ఆడపడుచుకి ఫోన్ చేసి, మామయ్య అన్నదంతా పొల్లు పోకుండా ఒప్పజెప్పాను.

"స్పీకర్లో పెట్టు వదినా," అంది. మామయ్య దగ్గరికి తీసుకెళ్లి పెట్టాను.

"నాన్నా, వింటున్నావా? పనిచేసి అలిసిపోయి పడుకున్నావు, నిన్ను లేపకూడదని మెల్లగా వాయించేదాన్ని. కమాను తీగ మీద ఆనీ ఆననట్టు ఉండాలి, అయినా స్వరం చెదరకూడదు. నీ గురక ఆగిందంటే గట్టిగా వాయించానని అర్థం, మళ్లీ మొదటికొచ్చేదాన్ని. ఈ కచేరీకి నన్ను ఎంచుకున్నదే ఆ మెత్తదనం చూసి. ఎక్కడ నేర్చుకున్నావని అందరూ అడుగుతున్నారు. మా నాన్న దగ్గరని చెప్తున్నాను."

మామయ్య నడుముకి కట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు. చేతికంటిన పిండి ఎప్పుడో పోయింది.

"నేను నీకేం నేర్పానమ్మా, ఒళ్లు తెలీకుండా పడుకోవడం తప్ప?"

"నీకే తెలీదు నాన్నా. నీ రుణం తీరేది కాదు. నువ్వొచ్చి అక్కడ కూర్చో, చాలు. గురక వినిపిస్తే సరిగ్గా వాయిస్తున్నానని నాకే ధైర్యం."

నా కళ్లు నిండిపోయాయి. ఇలాంటి ఇంటికి కోడల్ని అయినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, రొట్టెలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

మామయ్య ఫోన్ దగ్గరగా వంగారు.

"వస్తాను తల్లీ," అన్నారు. "ఒకవేళ నిద్ర పట్టక మెలకువగా ఉన్నాననుకో, నువ్వు తప్పు వాయించావని మాత్రం అనుకోకు."