చివరి మెట్టు ఎత్తు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. ఒక పక్క ఎండ, నడినెత్తిన బూడిదరంగు మబ్బు. గాలి వీచినట్టే వీచి ఆగిపోతోంది. హాస్టలు గేటు బయట బెంచీ మీద కూర్చున్న ఆర్కిటెక్టు మబ్బుకేసి చూస్తున్నాడే గాని, ఆయన చెవులు మాత్రం లోపలి సుత్తి చప్పుడు మీదే ఉన్నాయి.

టక్. టక్. కాసేపు ఆగి మళ్ళీ టక్.

గోడ డొల్లగా పలకాలని ఆయన కోరిక. ఒక్కచోట డొల్ల పలికినా చాలు, ఈ కట్టడాన్ని పడగొట్టించవచ్చు. ఆ తర్వాత కట్టాల్సిన దాని ప్లాను చుట్ట పక్కనే బెంచీ మీద ఉంది. దాన్ని ఇష్టంగా గీశాడు. కప్పు మీద సోలారు పలకలు, కింద వాననీటి తొట్టి, ప్రతి గదికీ రెండు వైపుల గాలి. కూల్చి కట్టమని అడిగింది హాస్టలు వాళ్ళే. అడగ్గానే ఈయన ఎగిరి గంతేసినంత పని చేశాడు.

ఎందుకంటే ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ కోసం కట్టిన ఈ పాత హాస్టలు ఆయన గీసిన మొట్టమొదటి కట్టడం. పెళ్ళైన కొత్తలో గీశాడు. ఇప్పుడు తల నెరిసింది. ఇన్నేళ్ళూ ఈ వీధికి రావలసిన పని పడితే పక్క సందు చుట్టి పోయాడు గాని దాని ముఖం చూడలేదు. అందులో రెండు తప్పులు చేశాడు. నడవాకి కిటికీ పెట్టడం మరిచిపోయాడు. పట్టపగలు కూడా అక్కడ లైటు వెలగాల్సిందే. రెండోది మెట్లు. మేడ మీద పరిచే బండల మందం లెక్కలో వేసుకోలేదు. దాంతో చివరి మెట్టు మిగతా వాటికంటే ఎత్తుగా తేలింది. తొలిరోజే వార్డెనమ్మ దానికి కాలు తట్టుకుని పడబోయింది. అప్పుడామె చూసిన చూపు ఆయన ఇంకా మరిచిపోలేదు.

కూల్చడానికి మాత్రం వాళ్ళ ఆఫీసుకో పద్ధతి ఉంది. ఆఫీసంటే ముగ్గురే. ఆయన, ఆయన భార్య, పని దగ్గర నిలబడి కట్టించే బావమరిది. భార్యా ఆర్కిటెక్టే. రేపటివాళ్ళకీ లోకం మిగలాలని చెప్పే సుస్థిరాభివృద్ధి లక్ష్యాల పటం, రంగురంగుల గళ్ళది, ఒకటి తెచ్చి ఆఫీసు గోడకి తగిలించింది ఆమే. బావమరిది దాన్ని వైకుంఠపాళి అంటాడు. "అక్కా, ఇవాళ మనం నిచ్చెన మీదున్నామా, పాము నోట్లో ఉన్నామా?" అని రోజూ అడుగుతాడు. ఆ పటం ముందు కూర్చునే ముగ్గురూ మాట అనుకున్నారు. నిలబడగలిగే గోడను పడగొట్టకూడదు. ఇటుక కాల్చిన నిప్పు, మోసిన చెమట, తవ్విన మన్ను అన్నీ అందులోనే ఉన్నాయి. కూలిస్తే అదంతా చెత్తకుప్ప. అందుకని ముందు గోడగోడా సుత్తితో తట్టి వినాలి. గీసినవాళ్ళు మాత్రం తట్టకూడదు. తన గోడ తనకు ఎప్పుడూ గట్టిగానే వినిపిస్తుందని ఆ షరతు పెట్టింది ఈయనే. గీసినవాడే అది కూలాలని కోరుకునే రోజొకటి వస్తుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

అందుకే లోపల వాళ్ళిద్దరూ తడుతుంటే, ఆపరేషన్ గది బయట కూర్చున్న చుట్టంలా గేటు బయట కూర్చున్నాడు.

ఇంతలో మబ్బు ఒక మాటమీదికొచ్చింది. పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. ప్లాను చుట్టను చొక్కాలోకి దోపుకుని ఆయన లోపలికి పరిగెత్తాడు.

నడవాలో ట్యూబులైటు వెలుగుతోంది. కళ్ళు ఇంకా కుదురుకోలేదు. వెనకనుంచి తడిసీ తడవని బట్టల బకెట్టుతో ఒకమ్మాయి వచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది.

"ఎవరికోసం బాబాయిగారూ?"

"మావాళ్ళు పైనున్నారమ్మా."

"పొద్దుటినుంచీ గోడల్ని కొడుతున్నారు, వాళ్ళేనా? రండి, తీసుకెళ్తాను. ఇవాళ మా బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి సెలవు. పడుకుందామంటే మీవాళ్ళు మంచం పక్కనే టకటకలాడించారు."

"తప్పదమ్మా, గోడ గట్టిదో కాదో చూడాలి."

"గట్టిదే. మేకు దిగదు. అద్దం తగిలించుకుందామంటే నా తల ప్రాణం తోకకొచ్చింది."

ఆమె ముందు ఎక్కుతోంది. పైదాకా వచ్చాక బకెట్టు కింద పెట్టి, వెనక్కి తిరిగి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ కాలు కాస్త ఎత్తి పెట్టండి. ఈ చివరిది పొగరుబోతు మెట్టు."

ఆయన ఎత్తి పెట్టాడు.

"కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజు చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాం. నన్ను ఎక్కించిన అక్క వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆ అక్కను ఎక్కించింది ఇంకో అక్కట."

"ఎవడో తలతిక్కవాడు కట్టుంటాడు" అన్నాడాయన గోడకేసి చూస్తూ.

"అంత మాటెందుకులెండి. లెక్క తప్పుంటాడు పాపం. నిన్న నేను చొక్కాకి చేతులు తిరగేసి కుట్టాను, మా సూపర్‌వైజరు చూడకముందే విప్పేశాను. ఇల్లు కట్టినాయనకి విప్పే వీలెక్కడిది?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "కొత్తది కడతారటగా. ఇంక ఈ బాధలుండవులే."

"కొత్తది బావుంటుంది, కాదనను. అది లేచేదాకా మేమెక్కడుండాలి బాబాయిగారూ? ఫ్యాక్టరీ ఈ వీధి చివరే. ఊరవతల గది తీసుకుంటే చీకటితో లేవాలి, చీకటిపడ్డాక రావాలి. కొత్త గదిలో అద్దె మాకందుతుందో లేదో. మమ్మల్నెవరూ అడగలేదు."

చొక్కాలో ఉన్న కాగితంలో ఆయన చెట్లు గీశాడు, సైకిళ్ళు పెట్టుకునే చోటు గీశాడు. మధ్యలో వీళ్ళు ఎక్కడ పడుకుంటారన్నది ఆ కాగితంలో లేదు. అమ్మాయి బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయింది.

చివరి గదిలో భార్య గోడకి చెవి ఆనించి ఉంది. జుట్టునిండా సున్నం. బావమరిది స్టూలు మీద సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"డొల్ల తగిలిందా?" అన్నాడు ఆర్కిటెక్టు.

"లేదండీ."

"ఒక్కచోటైనా?"

"లేదన్నాగా. మీరు కింద కదా ఉండాలి?"

"వాన. మూలల్లో చూశారా? బాత్రూముల దగ్గర? నెర్రె కూడా లేదూ?"

బావమరిది స్టూలు దిగాడు. "పిల్లను వద్దనుకున్నవాళ్ళు వంక వెతికినట్టు వెతుకుతున్నావు బావా. రాయిలా ఉంది. నువ్వు గీసి, నేను కట్టించి, ఇంత గట్టిగా వచ్చినందుకు నాకూ ఆశ్చర్యంగానే ఉంది."

"గట్టిదైతే ఏం? నడవా గుహలా ఉంది. ఆ మెట్టు సంగతేంటి?"

"మెట్టుదేముంది, అప్పుడే చూశాను."

"ఎప్పుడు?"

"కట్టేటప్పుడే."

ఆర్కిటెక్టు బావమరిది ముఖంలోకి చూశాడు. "చూసి, చెప్పలేదా?"

"ఎలా చెప్తాను? కొత్త అల్లుడివి. నీ ముందు గట్టిగా దగ్గొద్దని మా నాన్న మాకందరికీ ఆర్డరు వేశాడు. అల్లుడిగారి మెట్టు ఎత్తొచ్చిందని చెప్తే నన్ను ఇంట్లోంచి గెంటేసేవాడు. తర్వాతేమో నువ్వు ఈ వీధి పేరెత్తితేనే ముఖం మాడ్చుకునేవాడివి."

"నాకైనా చెప్పి చావొచ్చు కదరా" అంది అక్క.

"నీకు చెప్తే ఆయనకి చెప్పినట్టే. అప్పట్లో నువ్వాయన వెనకే తిరిగేదానివి."

ఆమె చేతిలో ఉన్న గుడ్డతో తమ్ముణ్ణి ఒక్కటేసింది. ఆర్కిటెక్టు ముందు నవ్వకూడదనుకున్నాడు. మీసాల దగ్గర ఆపుదామని చూశాడు గాని ఆగలేదు. కిటికీ పట్టుకుని నవ్వాడు. భార్య ఆయన్నే చూస్తోంది. ఈ హాస్టలు ప్రస్తావన వచ్చి ఆయన నవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు.

నవ్వు తగ్గాక ఆయన నడవాలోకి వెళ్ళాడు. కొస గోడ దగ్గర నిలబడి అరచెయ్యి ఆనించాడు.

"దీని అవతలేముంది?"

"ఆకాశం" అంది భార్య. "పొద్దున్నే ఎండంతా ఆ గోడ మీదే పడుతుంది."

"ఇక్కడ నిలువునా కోస్తే, పైన కప్పులో ఒక చారిక తెరిచి అద్దం వేస్తే వెలుతురు మెట్లదాకా దిగుతుంది. పగలు లైటుతో పనుండదు. ఒరేయ్, మెట్లు?"

"అన్ని మెట్ల మీదా కిందనుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ పూత ఎక్కిస్తే ఎత్తులు సర్దుకుంటాయి. ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను."

"సోలారు పలకల్ని ఈ కప్పు మోస్తుందా?"

"గోడల సంగతి విన్నావుగా. మోస్తుంది."

"అయితే ఒక్కో వరస గదులు ఖాళీ చేయించి చేద్దాం. ఎవర్నీ బయటికి పంపనక్కర్లేదు."

ఆయన చొక్కాలోంచి ప్లాను చుట్ట తీసి, తడిసిన అంచును వేలితో నిమిరి, భార్య చేతికిచ్చాడు. దాని మీద ఆయన ఎన్ని ఆదివారాలు వంగి కూర్చున్నాడో ఆమెకు తెలుసు. ఇంత పెద్ద పని చేజారితే ఆఫీసుకు ఈ ఏడాది గడ్డుగానే ఉంటుందనీ తెలుసు. కాగితం చుట్టను చంకలో భద్రంగా పెట్టుకుని, కొంగుతో ఆయన భుజం మీది వాన తడి తుడిచింది.

"గీసినవాళ్ళు తీర్పు చెప్పకూడదు" అంది. "అయినా ఈసారికి పోనీలెండి."

కింద వార్డెనమ్మ భోజనాల గదిలో ఉంది. ఇప్పటి వార్డెనమ్మ, పాతామె కాదు. సెలవుకు ఉండిపోయినవాళ్ళు పళ్ళేలు సర్దుతున్నారు. కుట్టుపని అమ్మాయి నీళ్ళు పోస్తోంది. ఆర్కిటెక్టు గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"కూల్చొద్దమ్మా. గోడలు ఇంకా చాలాకాలం ఉంటాయి. వెలుతురు తెప్పిస్తాం, మెట్లు సరిచేస్తాం, కరెంటు ఈ కప్పు మీదే పుట్టిస్తాం. ఎవరూ హాస్టలు వదలక్కర్లేదు."

"మరి మీరే కదండీ కొత్తది బావుంటుందన్నారు?" అంది వార్డెనమ్మ.

"అన్నాను. దీన్ని గీసింది నేనే. నా తప్పు కనపడకుండా పోతుందని ఆశపడ్డాను."

నీళ్ళు పోస్తున్న అమ్మాయి చెంబు గాల్లోనే ఆగింది. నాలుక కరుచుకుంది. ఆయన ఆమెకేసి చూసి, ఫరవాలేదన్నట్టు తల ఊపాడు.

"కూర్చోండి, తిని వెళ్దురు" అంది వార్డెనమ్మ, ఇంకేమీ అడగకుండా.

ముగ్గురూ చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నారు. వేడన్నం, కూర వచ్చాయి. కుట్టుపని అమ్మాయి ఆర్కిటెక్టు పళ్ళెంలో అడక్కుండానే ఇంకో గరిటె కూర వేసి, తన పళ్ళెం తెచ్చుకుని ఆయనకెదురుగా కూర్చుంది. అందరూ తలలు వంచుకుని తిన్నారు.