ఆవుకు పెట్టిన పొంగలి

గడప దగ్గరికి రాగానే ఆవు ఆగిపోయింది. కొత్తగా పరిచిన టైల్సు మీద దాని నీడ దానికే కనిపించిందో, లోపలి హోమం పొగకు బెదిరిందో, ముందుకాళ్ళు బిగబట్టి తల వెనక్కి లాక్కుంది. దూడ దాని పొట్ట కిందికి దూరింది. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు "రా తల్లీ, రా" అని తలా ఒక పక్క నుంచి పిలుస్తుంటే అది ఇంకా బెదిరింది.

ఇంటి ఇల్లాలు సురేఖకు భయం పట్టుకుంది. గోమాత గడపదాకా వచ్చి, లోపల కాలు పెట్టకుండా తిరిగిపోతే ఇంకేమైనా ఉందా?

"గోనెసంచులు పరవండప్పా! ఆ నున్నటి బండల మింద దానికి కాలు యాడ నిలస్తాది?" అని పక్కింటి అంజప్ప కేకేశాడు. ఆవు అతనిదే.

సంచులు పరిచారు. అంజప్ప భార్య వళ్ళి ముందు నడుస్తూ నాలుకతో టక్కుటక్కుమని పిలిస్తే, ఆవు ఒక్కో అడుగూ తడుముకుంటూ లోపలికి వచ్చింది. హాలు మధ్యలో నిలబడి, తోక ఎత్తి పేడ వేసింది. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

"చూస్తివా వదినా, లక్ష్మీదేవి ఇంట్లో అడుగు పెడతానే కానుక ఇచ్చేసింది" అంది ఆడబిడ్డ గాయత్రి. "ఇంక నీకు రోజూ ఇదే వాసన. పేడ వాసన కోసమే వేలూరు వదిలి వచ్చినావని అందరికీ చెప్తాను."

"చెప్పు పో. నువ్వు వచ్చినప్పుడు నీ మంచం వాళ్ళ ఆవుల కొట్టం పక్కనే వేస్తా" అని సురేఖ కూడా నవ్వింది.

ఆమె భర్త వరదరాజులు వేలూరులో మేస్త్రీ. ఊళ్ళో ఎందరికో ఇళ్ళు కట్టాడుగానీ, తమ కాపురం మాత్రం కొసపేటలో ఒక అద్దె గదిలోనే గడిచింది. గుడియాత్తం నుంచి పేర్ణాంబట్టు పోయే రోడ్డు దిగి కొంచెం లోపలికి వెళ్తే వచ్చే ఈ పల్లెలో పాత ఇల్లు అమ్ముతున్నారని తెలిసి కొన్నాడు. తన చేతులతోనే గోడలు పూసి, టైల్సు వేసి బాగు చేశాడు. పక్కనే అంజప్ప కొట్టం. ఆవులు, ఒక గేదె, మేకలు, కోళ్ళు, కొత్త మనిషిని చూస్తే గొంతు చించుకునే కుక్క. రెండిళ్ళకూ మధ్య అడ్డమంటే కాసిని ముళ్ళకంపలే. పక్కింటితో మాట చెడితే ఇక్కడ ఒక్కరోజు కూడా బతకలేమని సురేఖకు ముందే అర్థమైంది. అందుకే, గృహప్రవేశానికి ఆవును అడిగినప్పుడు అంజప్ప "మా ఆవు మీ ఇంట్లో కాలు పెడితే మాకూ మంచిదే గదమ్మా" అంటే ఆమె ప్రాణం కుదుటపడింది.

భోజనాలయ్యాయి. బస్సు దొరకదని చుట్టాలు తొందరపడి వెళ్ళిపోయారు. వళ్ళి, అంజప్ప తినేసి, ఆవును కొట్టంలో కట్టి, గడ్డి కోసుకురావడానికి చేనికి పోయారు. వంటలో చక్కెర పొంగలి చాలా మిగిలింది. తెల్లన్నమూ మిగిలింది.

వేలూరులో సురేఖకు ఒక అలవాటుండేది. వీధిలో తిరిగే ఆవు పొద్దున్నే గుమ్మం ముందు నిలబడితే, తాను నోట్లో మెతుకు పెట్టకముందే దానికి ఇంత అన్నంలో బెల్లం కలిపి ముద్ద పెట్టేది. వీపు తాకి కళ్ళకద్దుకునేది. ఆ ముద్దే తమను సొంత గడపదాకా తెచ్చిందని ఆమె నమ్మకం. అలాంటిది, ఈ గడపలో మొదటి అడుగు పెట్టిన ఆవుకు ఒక్క ముద్దతో సరిపెడతామా?

పెద్ద స్టీలు తట్ట నిండా పొంగలి తీసుకుని కంప పక్కనుంచి కొట్టంలోకి వెళ్ళింది. నేతి వాసనకు ఆవు ఆబగా తిని, తట్ట అడుగు కూడా నాకింది. సురేఖ కళ్ళు చెమ్మగిల్లాయి. వెళ్ళి ఇంకో తట్ట తెచ్చింది. అదీ అయిపోయింది. మిగిలిన అన్నం కూడా తెచ్చి తొట్టిలో కుమ్మరించింది.

"తిను తల్లీ, కడుపునిండా తిను" అంటూ వీపు నిమిరింది.

పొద్దు వాలుతుండగా కొట్టంలోంచి వళ్ళి కేక వినబడింది.

"ఒచ్చి చూడయ్యా! దీనికేమైందో చూడు!"

పెరట్లో గిన్నెలు తోముతున్న సురేఖ లేచి కంప మీదుగా చూసింది. ఆవు ఎడమ డొక్క డోలులా ఉబ్బిపోయి ఉంది. అది పదేపదే తల తిప్పి తన పొట్టనే చూసుకుంటోంది. పళ్ళు కొరుకుతోంది. నోట్లోంచి చొంగ తీగలా సాగుతోంది. పడుకోబోయి, పడుకోలేక లేచింది. పాలకు వచ్చిన దూడను కాలితో తన్నేసింది.

సురేఖకు మొదట ఏమీ తోచలేదు. తర్వాత, చేతిలో తాను తోముతున్న తట్ట వైపు చూసుకుంది.

"దిష్టేనయ్యా ఇది" అంటోంది వళ్ళి. "పొద్దున ఎంతమంది కండ్లు పడినాయి దాని మింద! పాలిచ్చే ఆవును అంతమందిలో నిలబెట్టొద్దంటే విన్నావా?" ఉప్పు, మిరపకాయలు ఆవు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు కంపదాకా వచ్చింది.

అంజప్ప గుడియాత్తంలో ఉండే పశువుల డాక్టరమ్మ సుజితకు ఫోన్ చేశాడు. ఆమె అరవంలో అడుగుతుంటే అతను సగం అరవం, సగం తెలుగు కలిపి జవాబిస్తున్నాడు. స్పీకరులో ఆమె గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. ఏం తినిందని అడిగింది.

"ఏముండాది డాక్టరమ్మా? గడ్డి, ఇంత తవుడు. పొద్దున పక్కింట్లో రెండు అరటిపండ్లు."

వేరే ఏమైనా తినిందేమో, బాగా గుర్తు చేసుకోమంది.

"ఇంకేం లేదమ్మా... ఆ, ఎల్లప్ప నిన్న వంకాయతోటకు మందు కొట్టినాడు. ఆ గట్టు మింద గడ్డి మేసిందేమో! వానికి ఎన్నిసార్లు చెప్పినాను, మందు కొట్టేముందు ఒక మాట చెప్పరా అని. సీక్రం రాండమ్మా!"

విషానికి వేసే సూదిమందు తీసుకుని బయల్దేరుతున్నానని, అంతవరకు ఆవును పడుకోనివ్వొద్దని ఆమె చెప్పింది.

"దీనికేమన్నా అయితే ఆ ఎల్లప్పను ఊరికే వదిలేది లేదు" అన్నాడు అంజప్ప ఫోన్ పెట్టేసి.

సురేఖ ఇంట్లోకి పరుగెత్తింది. వరదరాజులు అలసిపోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"వాళ్ళ ఆవుకు నేను పొంగలి పెట్టినాను" అంది.

"పెడితే ఏమి?"

"రెండు తట్టలు పెట్టినాను. మిగిలిన అన్నమంతా పెట్టినాను. దాని కడుపు ఉబ్బిపోయింది. అది చచ్చిపోయేట్టుండాది."

అతను లేచి కిటికీలోంచి కొట్టం వైపు చూశాడు. తలుపు దగ్గరికి వేశాడు. "ఎవరన్నా చూసినారా?"

"లేదు."

"అయితే నోరు మూసుకోని కూర్చో."

"వాళ్ళు విషమనుకుంటా ఉండారు. ఎవరో ఎల్లప్ప మింద పడుతున్నారు."

"డాక్టరు వస్తా ఉండాది గదా, ఆమె చూసుకుంటాది. మనం ఈడ బతకాల సురేఖా. ఇంట్లో చేరిన రోజే పక్కింటి ఆవును చంపినారని పేరొస్తే, ఈ ఊర్లో మనకు మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వరు."

అతని గొంతులో కోపం లేదు. తనకున్న భయమే అతనికీ ఉందని సురేఖకు తెలిసింది. అది చూసి ఆమెకు ఇంకా భయమేసింది.

పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటం ముందు నిలబడింది. చేతులు జోడించిందిగానీ ఏమని మొక్కాలో తెలియలేదు. పుణ్యమనుకునే కదా పెట్టాను స్వామీ, అది గోహత్య ఎట్లా అవుతుంది? నువ్వు చూసేది మనసునే అంటారు. మరి ఆవు కడుపుకు నా మనసు తెలియదే. ఇంతకూ అది దాని ఆకలి కోసం పెట్టానా, నా ఇంటి మంచి కోసం పెట్టానా? పటంలోని స్వామి ఎప్పటిలాగే ఉన్నాడు. కొట్టంలోంచి ఆవు మూలుగు వినిపించింది. అది ఆవు గొంతులా లేదు. నొప్పులు పడే మనిషి గొంతులా ఉంది.

సురేఖ తలుపు తీసి బయటికి నడిచింది. వెనకనుంచి వరదరాజులు పిలిచాడు. ఆగలేదు. కంప ముల్లు చీరకు తగిలి పట్టుకుంటే లాగేసింది. కుక్క మీదికి వచ్చి మొరుగుతున్నా దాని వైపు చూడలేదు.

"అంజప్పా, అది విషం కాదు. నేనే పెట్టినాను. పొంగలి, అన్నం. చాలా పెట్టినాను."

వళ్ళి చేతిలోని తాడు వదిలేసింది. "ఏం పెట్టినావు?"

సురేఖ మళ్ళీ చెప్పింది. ఈసారి ఎన్ని తట్టలో కూడా చెప్పింది.

"నీ పుణ్యానికి మా ఆవే దొరికిందా?" వళ్ళి అరిచింది. "బిడ్డ మాదిరి సాకినామే దాన్ని! పెట్టేముందు ఒక్క మాట అడిగితే నీ నోరు అరిగిపోతాదా? పట్నంలో వీధావుకు పెట్టినట్టు పెడితివా? ఇది చస్తే ఆ దూడకు పాలు నువ్విస్తావా?"

అంజప్ప వెంటనే మళ్ళీ ఫోన్ చేశాడు. దారిలో ఉన్న డాక్టరమ్మ విని, అన్నం కడుపులో పులిసి ఉబ్బిందని గట్టిగా చెప్పింది. ఇప్పుడైనా చెప్పారు, ఆ విషం సూది వేసి ఉంటే కడుపు కదలిక పూర్తిగా ఆగిపోయేదని. ఇంట్లో వంటసోడా ఉందా అని అడిగింది. నీళ్ళలో కలిపి మెల్లగా తాగించమంది. గొంతుకు అడ్డం పడకుండా చూసుకోమంది.

సోడా సురేఖ ఇంట్లోనే ఉంది, పొద్దున వంటవాళ్ళు వదిలిపోయింది. పరుగెత్తి తెచ్చింది. అంజప్ప ఆవు తల ఎత్తి పట్టుకుంటే, వళ్ళి వెదురుగొట్టంతో కొంచెం కొంచెంగా పోసింది. ఆవు కాళ్ళు తడబడ్డాయి. అది కూలిపోతుందనుకునేలోగా వరదరాజులు కంప దాటి వచ్చి, ఎవరూ పిలవకుండానే, దాని పక్కకు తన భుజం ఆనించి నిలబెట్టాడు. అతని తెల్ల పంచె పేడలో తడిసింది.

దీపాలు పెట్టే వేళకు సుజిత వచ్చింది. నోట్లోంచి రబ్బరు గొట్టం లోపలికి దించగానే పుల్లటి వాసనతో గాలి భుస్సుమని బయటికి వచ్చింది. మందులు ఇచ్చింది. చేతులు కడుక్కుంటూ, "ఇప్పుడే ఏమీ చెప్పలేను" అంది అరవంలో. "తెల్లవారి ఎండుగడ్డి పరక ముట్టుకుంటే మంచిది. ముట్టుకోకపోతే వెంటనే ఫోన్ చేయండి."

కొత్త ఇంట్లో సురేఖకు కంటిమీద కునుకు పడలేదు. తెలతెలవారుతుండగా కొట్టం దగ్గరికి వెళ్ళింది. ఆవు నిలబడే ఉంది, తల వేలాడేసుకుని. డొక్క కొంచెం దిగింది. దాని ముందు వళ్ళి కూర్చుని ఉంది. ఒళ్ళో ఎండుగడ్డి ఉంది.

"పెట్టినావా?" అని మెల్లగా అడిగింది సురేఖ.

వళ్ళి ఒళ్ళోని గడ్డి వైపు చూసుకుంది. "లేదక్కా. తెల్లారకముందు నుంచి పట్టుకోని కూర్చోనుండాను. పెట్టినాక అది ముట్టకపోతే? చెయ్యి రావడంలేదు." గడ్డి సురేఖ వైపు తోసింది. "నువ్వు పెట్టు."

"నేనా? ఈ చేత్తోనా?"

"ఆ చేత్తోనే. నాకు భయంగా ఉండాది."

సురేఖ ఒక పరక తీసుకుంది. స్వామిని తలుచుకుందామంటే పేరు కూడా నోటికి రాలేదు. చెయ్యి చాపింది. ఆవు వేడి ఊపిరి వేళ్ళకు తగిలింది. అది పరకను వాసన చూసి, తల పక్కకు తిప్పేసుకుంది. వళ్ళి సురేఖ మోచేయి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ కదల్లేదు. చాపిన చేతిని వెనక్కి తీసుకోవడానికి సురేఖకు ధైర్యం చాలలేదు.

కాసేపటికి ఆవు మళ్ళీ తల తిప్పింది. వేళ్ళ మధ్య పరక మెల్లగా జారడం సురేఖకు తెలిసింది. దవడ ఒకసారి కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఇంకొకటి పెట్టు" అంది వళ్ళి, మోచేయి వదలకుండానే. "ఒకటే. ఎక్కువ పెట్టొద్దు."