దీపాలు పెట్టని గురువారం

కోసపాళయంలోని ఆ వీధిలో గురువారం మధ్యాహ్నం మూడయ్యేసరికి, మంచం పట్టిన మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ మంచం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసేవాళ్ళు. కుర్చీ వేసి, మంచంలోని మనిషికి నీళ్ళు తాగించి, ఇంటివాళ్ళు వీధి చివర భజన మంటపానికి వెళ్ళేవాళ్ళు. అక్కడ రెండు గంటలు పూర్తిగా వాళ్ళవే. వార్డు నర్సు విజి వచ్చి, వీపున పుండ్లు పడకుండా మనిషిని ఎలా తిప్పాలో చూపించేది. పనిలో పనిగా తిప్పేవాళ్ళ బీపీ కూడా చూసేది. టీ, సుండల్ అనే శనగ గుగ్గిళ్ళు ఉండేవి. కొందరు కష్టం చెప్పుకుని ఏడ్చేవాళ్ళు, ఎక్కువమంది చాప మీద ఒరిగి నిద్రపోయేవాళ్ళు. ఈ కూటం మొదలుపెట్టింది అమృతవల్లి. ఆరేళ్ళు మంచంలో ఉన్న మొగుడు దొరైస్వామికి ఒంటిచేత్తో అన్నీ చేసిన మనిషి. ఆయన పోయాక, తనకు దొరకని సాయం ఇంకొకరికైనా దొరకాలనుకుంది.

ఆ రెండు గంటలూ ఇళ్ళలో కుర్చీల్లో కూర్చునేది వీధిలో చనిపోయినవాళ్ళు. అందరూ రారు, ఏళ్ళ తరబడి మంచంలో ఉండి పోయినవాళ్ళే వస్తారు. గ్లాసెడు నీళ్ళు కూడా ఎత్తలేరు గానీ, ఏ పక్క నొప్పి పెడుతోందో, ఎప్పుడు నాలుక ఎండిందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాకిట్లోకి వచ్చి పక్కింటివాళ్ళని పిలుస్తారు. కుర్చీకి వీపు ఆనించరు. అన్నేళ్ళు పడుకుని పడుకుని విసిగినవాళ్ళు కదా, నిటారుగా కూర్చోవడమంటే మహా ఇష్టం. వీధిలో సందె దీపం వెలిగిందంటే మాత్రం లేచి వెళ్ళిపోతారు, ఎవరు బతిమాలినా ఆగరు.

కేశవులు ఒక్కడే కూటానికి వచ్చేవాడు కాదు. అతని ఇంట్లో మంచాన ఉన్నది చుట్టం కాదు, స్నేహితుడు పాండియన్. ముదలియార్‌పేటలో మూతబడిన ఒక నూలు మిల్లులో ఇద్దరూ ముప్పై ఏళ్ళు పక్కపక్కన పని చేశారు. కేశవులుకి పెళ్ళాం పోయింది, పాండియన్ పెళ్ళే చేసుకోలేదు.

అయిదేళ్ళ కింద ఒక ఉదయం పాండియన్‌కి మాట ముద్దగా వచ్చింది, ఒక చెయ్యి వేలాడిపోయింది. వీధికో సారాయి కొట్టున్న ఈ ఊళ్ళో పొద్దున్నే మాట తడబడే మనిషిని చూస్తే ఎవరికైనా తోచేది ఒకటే. కేశవులు నవ్వి, "పొద్దన్నే ఏసుకుంటివా? పడుకో, దిగిపోతాది," అని తలుపు మూసి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా మళ్ళీ తొంగిచూడలేదు. అది పక్షవాతమనీ, ఇక మాట రాదనీ, వెంటనే తెచ్చి ఉంటే నిలబెట్టేవాళ్ళమనీ డాక్టరు అన్నాడు. పాండియన్ జన్మలో సారాయి ముట్టినవాడు కాదు.

అప్పటినుంచీ తలుపు మూస్తే చాలు, దాని వెనక నుంచి ఆ ముద్ద మాట కేశవులుకి వినబడేది. ఇంట్లో ఏ తలుపూ మూసేవాడు కాదు. స్నానాల గదికి కూడా పాత పంచె అడ్డం కట్టుకున్నాడు. రాత్రిళ్ళు మంచం పక్కనే కూర్చుని పాండియన్ ఊపిరి చూస్తుండేవాడు.

ఒకరోజు విజి ఇంటికి వచ్చి చూస్తే, కేశవులు చూపు ఆనక రాత్రి మాత్ర పాండియన్‌కి పొద్దున్నే వేస్తున్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి బలవంతాన లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ ఒత్తిడి పెరిగి నీటికాసులు. ఈ నెలలో ఒకటి, వచ్చే నెలలో ఇంకొకటి కోయకపోతే ఉన్న చూపు కూడా పోతుందన్నారు. పోతే మళ్ళీ రాదు.

"పోతే పోనీ," అన్నాడు కేశవులు.

అమృతవల్లికి ఒళ్ళు మండింది. "నీ కండ్లు పోతే వానికి మాత్ర ఏసేదెవురు? ఈ గురువారం పో. మాయన వచ్చి కూచుంటాడు."

"వానికేం కావాలో నాకు దప్ప తెలీదు వదినా."

"మాయనకి తెలుసు. ఆరేండ్లు అట్నే పండుకోనుండె గదా."

 గురువారం పొద్దున ఒక కంటికైనా సరే అని కేశవులు విజి వెంట ఆసుపత్రికి వెళ్ళాడు. మూడింటిదాకా పాండియన్ దగ్గర పక్కింటి శృతి ఉంది. తర్వాత దొరైస్వామి గళ్ళ లుంగీతో వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

పన్నెండింటికి కావలసిన ఆపరేషను, కంట్లో ఒత్తిడి దిగక వెనక్కి పోయింది. అయిదుంబావుకి కేశవులుని గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూశారు. మూయగానే దాని వెనక ముద్ద మాట మొదలైంది, ఎన్నడూ లేనంత దగ్గరగా. కేశవులు బల్ల దిగి చొక్కా అడిగాడు. విజి ఎంత చెప్పినా వినకపోతే, అమృతవల్లికి ఫోను కలిపి చేతికిచ్చింది.

"ఇంగ సందె దీపం పెడతారు వదినా. దొరైస్వామన్న లేచి ఎల్లిపోతాడు. వాడొక్కడే ఉంటాడు. నేనొచ్చేస్తా ఉండా."

 శృతిని కూర్చోబెడతానని అమృతవల్లి అనవచ్చు. కానీ మాట లేని మనిషి మాట బతికున్నవాళ్ళకి వినబడదనీ, తన మొగుడికే వినబడుతుందనీ ఆమెకి తెలుసు, కేశవులుకీ తెలుసు.

"దీపం పెట్టము," అంది. "నువ్వు పోయి పండుకో."

ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. దేవుడి ముందు దీపం పెట్టలేదు, ట్యూబులైటు వెయ్యలేదు, టీవీలు ఆపేశారు. సీరియల్ పోయిందని గొణిగినవాళ్ళు లేకపోలేదు, అయినా ఆపారు. వీధి లైట్ల స్విచ్చి రోజూ వేసేది పట్టాభిరామన్. ఆయన ఆ పెట్టెకి తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పక్క వీధి వెలుగు మలుపు దగ్గరే ఆగిపోయింది. చీకటి పడ్డాక ఏ కుర్చీలో మనిషీ లేవలేదు.

ఎనిమిదిన్నరకి ఆటో మలుపు దగ్గర ఆగింది. కంటికి కట్టుతో దిగిన కేశవులు విజి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "రెండో కన్ను గూడా పోయినాదా?"

"లేదన్నా. దీపాల్లేవు, అంతే."

అరుగుల మీద జనం కూర్చుని ఉన్నారు. ఒక దగ్గు, ఒక గాజుల చప్పుడు తప్ప మాట లేదు. వాళ్ళలో బతికున్నవాళ్ళెవరో, కానివాళ్ళెవరో చీకట్లో తెలియలేదు. అందరూ కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. కేశవులుకి భయం వేసింది, విజి చెయ్యి వదలకుండా నడిచాడు.

"మెల్లింగా రా, గడప ఉండాది," అన్నాడు లోపలినుంచి దొరైస్వామి.

"నన్ను అడిగినాడా అన్నా?"

"కంటికి కోయించుకునేదానికి పోయినాడా అని ఒకే మాటు అడిగినాడు. పోయినాడంటిని. అంతే, నిద్దరపోయినాడు. శృతి వచ్చి రెండు మాట్లు తిప్పినా లేయలే."

"వాడు పగలు నిద్దరపోడే."

"రాత్రి గూడా పోడంట. నువ్వు కండ్లు తెరుచుకోని వాన్నే చూస్తా ఉంటే ఎట్ల పోతాడు? నీకేమన్నా అయితే పిలిచేదానికి నోరు లేదని, నిన్ను వాడు కాపలా కాస్తా ఉండాడు."

కేశవులు మంచం కోడు తడుముకుని నేల మీద కూర్చున్నాడు.  "ఆ దినం సంగతి ఏమన్నా చెప్పినాడా?"

"చెప్పినాడు. కోపమంట. తలుపు మూసినందుకు గాదు. ముప్పై ఏండ్లు పక్కనుండి, ముట్టనోడని తెలిసీ, తాగినాడని అనుకుంటివే, అందుకంట."

"ఆ కోపం ఇంకా ఉండాదా?"

"ఉండాది," అన్నాడు దొరైస్వామి. "నీ కండ్లు పోతే తీరిపోతాదనుకుంటివా? వాని కోపం వానిది. నీ కండ్లు వానికెందుకురా?"

కేశవులు తల వంచాడు. "ఏడవొద్దు, ఇప్పుడే కోసినారు," అని దొరైస్వామి కసిరాడు.

కాసేపటికి కేశవులు గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. అమృతవల్లి మెట్టు మీద కూర్చుని ఉంది. లోపలి మాటలన్నీ విన్నదనుకుంటా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. గురువారాలు మంటపంలోనే ఉండిపోయే ఆమె ఆ గొంతు విని మూడేళ్ళయింది.

"రెండో కంటికి వచ్చే నెల రమ్మన్నారు వదినా. గురువారమే. పోతా," అన్నాడు. "ఇంగ దీపాలు పెట్టమను."

ఆమె వెంటనే లేవలేదు. అతనూ తొందరపెట్టలేదు.

దీపాలు వెలిగేసరికి కుర్చీలో ఎవరూ లేరు. వెలుగు పడి పాండియన్ కళ్ళు తెరిచాడు. కేశవులు కంటి కట్టుని చాలాసేపు చూశాడు. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకున్నాడు, అలిగిన స్నేహితుడు తిప్పుకున్నట్టే. కేశవులు అతనికి దుప్పటి కప్పి, కింద చాప వేసుకుని వెల్లకిలా పడుకున్నాడు.

అమృతవల్లి కంటి చుక్కల సీసా తీసుకుని వచ్చేసరికి ఇద్దరూ గురక పెడుతున్నారు.