కొంపాద్రే అరచేతులు

అబుందియో ఇంటిమీద రెండో అంతస్తు లేచిన నాటినుంచీ ఫిదెన్సియోకి తన బట్టీలో కాలే రొట్టె వాసన కూడా పడటం లేదు.

చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గాడిద మీద తిరిగినవాళ్లు. ఫిదెన్సియో కూతురి జ్ఞానస్నానానికి చర్చిలో జ్ఞానతండ్రిగా పిల్లను ఎత్తుకున్నది అబుందియోనే. ఆ రోజుతో ఒకరికొకరు కొంపాద్రేలయ్యారు. "ఒరేయ్" పోయి "మీరు" వచ్చింది. మా త్లాస్కాలా పల్లెల్లో కొంపాద్రేని తిట్టకూడదు, కొట్టకూడదు. కుళ్లుకోకూడదని మాత్రం ఏ పాదిరీ చెప్పలేదు.

అబుందియో ఏటా టమాటాలు కోయడానికి కెనడా వెళ్తాడు. అక్కడి రైతు పేరు పెట్టి పిలిపించుకుంటాడు కాబట్టి అనుమతి దానంతటదే వస్తుంది. కొత్తవాళ్లకి అలా కాదు. పట్నం ఆఫీసులో మనిషి అరచేతులు తిప్పి చూస్తాడు. కాయలు కాచి ఉంటే సేద్యగాడు, లేదంటే ఇంటికే.

పిండి పిసికే ఫిదెన్సియో చేతులు వెన్నముద్దలు. సెంటు భూమి లేదు. అందుకే, తనూ కెనడా పోవాలని, ఆ చలికాలమంతా కొంపాద్రే పొలం కూలి లేకుండా తవ్విపెట్టాడు. అబుందియో ఎర్ర ఆకు బొమ్మ టోపీ పెట్టుకుని, నీడన కూర్చుని కిత్తనార కల్లు తాగుతూ చూసేవాడు.

"ఆ మూల గట్టిగా ఉంది, కొంపాద్రే. ఓ పోటు వెయ్యండి."

"వేస్తాను, కొంపాద్రే. మీ నేలా మీలాంటిదే, కదిలి చావదు."

"అక్కడ బూట్లు కూడా వాళ్లే ఇస్తారు, తెలుసా?"

ఫిదెన్సియో ఇంకో పోటు వేశాడు, నేలమీదే.

అరచేతులు బొబ్బలెక్కి, చితికి, చివరికి చింతగింజల్లాంటి కాయలు కట్టాయి. తింటున్నప్పుడు కూడా వాటిని తడుముకుని మురిసిపోయేవాడు.

పట్నం వెళ్లే ముందురోజు పెళ్లాం ఎవుఫ్రోసినా ఆవిరిగది పొయ్యి రాజేసింది.

"ఆఫీసు వాళ్ల ముందుకి మట్టికొట్టుకుని పోతావా? అబుందియో పెళ్లాం వింటే నా పరువుంటుందా?"

పెళ్లికైనా, చావుకైనా, పట్నం పనికైనా ఆవిరిస్నానం కానిదే మేం గడప దాటం. వేడికి ఒళ్లు నానింది. ఆమె ఎర్ర గరుకురాయి తీసుకుని మడమల దగ్గర మొదలుపెట్టి వేళ్ల కొసల దాకా తోమింది. ఆ హాయికి ఫిదెన్సియో కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు ఆఫీసు మనిషి చేతులు తిప్పి చూశాడు. పసిపిల్లాడి పాదాల్లా మెరుస్తున్నాయి.

"ఏం పని చేస్తారు?"

"పొలం తవ్వుతానండీ."

"దేంతో, చెంచాతోనా?"

వెనక వరసంతా గొల్లున నవ్వింది.

ఊళ్లో బస్సు దిగేసరికి ఎదురుగా అబుందియో, చంకలో కొత్త పెట్టె.

"నాకు పిలుపొచ్చేసింది, కొంపాద్రే! మీదేమైంది?" అని చెయ్యి చాపాడు.

ఫిదెన్సియో అందుకున్నాడు. మెత్తగా తగిలింది. తిప్పి చూశాడు. అక్కడ చేతికి తొడుగులు, ఇక్కడ చెట్టునీడ. ఒక్క కాయా లేదు.

"ఈ చేతుల్నా వాళ్లు పిలిచేది?"

"చేతుల్ని కాదు, పేరుని" అని నవ్వాడు అబుందియో. "ఈసారి మా రైతుతో మీ మాట తప్పకుండా అంటాను."

పోయినేడూ ఇదే మాట. ఫిదెన్సియో చెయ్యి వదల్లేదు. ఇంకా నొక్కాడు.

"నొప్పి, కొంపాద్రే!"

"మీ పొలంలో ఆ మూల మిగిలిపోయింది కదూ" అన్నాడు, నొక్కుతూనే. "మీరు సుఖంగా వెళ్లిరండి. నేను చూసుకుంటాను."

ఇంటికెళ్లగానే గరుకురాయిని వాగులోకి గిరాటేశాడు. ఎవుఫ్రోసినా అరుస్తూనే ఉంది. అతను పార వెతుక్కుంటున్నాడు.