నీలం వంతెన

నోరు తెరిచిన ప్రతి మనిషిలోనూ పుచ్చు వెతకడం పళ్ల డాక్టరుకి వృత్తి. నోరు మూసుకున్నవాళ్లలో కూడా వెతకడం ఆయనకి అలవాటు. పక్కింటాయన నవ్వుతూ పలకరిస్తే, ఏం అప్పు అడగబోతున్నాడోనని తలుపు దగ్గరగా వేసుకునే రకం. అలాంటి మనిషి పోయి పోయి నకిలీలు కుప్పతెప్పలుగా తిరిగే దేశం స్టాంపుల మీదే మనసు పారేసుకున్నాడు. ఏరికోరి తెచ్చుకున్న తలనొప్పి అంటుంది ఆయన భార్య.

ఆ దేశం బతికింది ఒక్క చలికాలం. నది సముద్రంలో కలిసే చోటు మాదంటే మాదని రెండు పెద్ద దేశాలు కొట్లాడుకుంటుంటే, మధ్యలో నలిగిన రేవు పట్నం వాళ్లు విసిగిపోయి, మేం ఎవరివాళ్లమూ కాదు పొమ్మని జెండా ఎగరేశారు. జెండాతోపాటు స్టాంపులూ వేశారు. సబ్బు మీద చుట్టే కాగితాలు అచ్చేసే ప్రెస్సులో, ఒకే వంతెన బొమ్మ, నాలుగు రంగులు. చలి తగ్గేలోపలే ఒకవైపు సైన్యం వచ్చి జెండా పీకేసింది. ఇప్పటికీ ఆ రెండు దేశాలూ తమ తమ పటాల్లో ఆ ముక్కకి తమ రంగే పూసుకుంటాయి, అక్కడ వేరే దేశమంటూ ఏనాడూ లేదన్నట్టు.

డాక్టరు దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులున్నాయి. నీలం లేదు. కంటితో చూసింది కూడా లేదు.

ఆ నీలాన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం బావమరిది తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడతను. నోరు విప్పితే కోతలే కాబట్టి ఇంట్లో అందరూ కోతలరాయుడంటారు. ప్లాస్టిక్ సంచిలో పసుపు పచ్చబడ్డ ఖాళీ కవరు, దాని మూలన నీలం వంతెన, సగం మీద నల్లటి తపాలా ముద్ర.

"ఒక పెద్దావిడ ఇల్లు మారుతుంటే సొరుగులో కనిపించింది బావగారూ," అన్నాడు. "మీ ఆల్బంలో ఇదే బొమ్మ కదా అని ఆవిణ్ణి అడిగాను. వాళ్ల నాన్న ఆ ఊరివాడట. అక్కడినుంచి ఆయన ఈవిడ అమ్మకి పంపిన కవరట. అలాంటి దేశమే లేదు, మీ నాన్న కట్టుకథలు చెప్పాడని జన్మంతా అందరూ ఎగతాళి చేశారట పాపం. చూపించడానికి ఆవిడ దగ్గరున్నది ఇదొక్కటే."

"ఒక్కటే ఉంటే నీకెందుకిచ్చింది?"

"నా కూలి వద్దమ్మా, ఇదివ్వండి అన్నాను. ఇవ్వనంది. మీ గురించి చెప్పాను. ఆ దేశం ఉందని నమ్మే మనిషి ఒకడున్నాడా అని ఎంత సంబరపడిందో. నా తర్వాత ఇది చెత్తబుట్టలోకే పోతుంది, ఆయన దగ్గరుంటే మేలే అంది. ఎప్పుడు చూడాలనిపించినా చూపించాలని మాట తీసుకుంది. ఇచ్చాను."

"మరి నేనెంత ఇవ్వాలి?"

"ఊరికేనండీ. మీకోసమే తెచ్చాను."

అడ్డమైన ధర చెప్పి ఉంటే డాక్టరు కాస్త నమ్మేవాడేమో. ఊరికే అన్న మాట వినగానే ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇదే పెద్దమనిషి మాట నమ్మి కొన్న పాత ఫ్రిజ్ ఇప్పుడు ఆ వంటింట్లోనే బట్టల బీరువాగా పనిచేస్తోంది. ఊరికే ఇచ్చాడంటే వెనక ఏదో పెద్ద ఎత్తే ఉండాలి.

ఊళ్లో స్టాంపుల దుకాణం నడిపే పెద్దాయనకి చూపిస్తే ఒక్క మాటలో తేల్చేసేవాడు. ఆ సంగతి డాక్టరుకి తెలుసు. కానీ ఆ పెద్దాయన మాత్రం ఏం తక్కువవాడు? నకిలీ అని పెదవి విరిచి, జాలిపడ్డట్టు నటించి, చవగ్గా కొట్టేస్తే? ఎవరికీ చెప్పకుండా తన పరీక్ష తనే చేసుకోవాలనుకున్నాడు.

ఆ పరీక్ష ఆయనకి అనుభవం మీద వచ్చిందే. ఒకసారి పోస్టులో తెప్పించుకున్న ఎరుపు స్టాంపు నీళ్లు తగలగానే ఎర్రగా కారిపోయింది. ఎవడో ఇంట్లో కంప్యూటర్ ప్రింటర్ మీద తీసిన సరుకు. అసలైన ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు మాత్రం ఎంత తడిసినా చెక్కుచెదరలేదు. అందుకని క్లినిక్కులో తలుపు గడియపెట్టుకుని, దూది తడిపి నీలం వంతెన అంచున అద్దాడు. దూది నీలమైంది.

అక్కడితో ఆగొచ్చు. డాక్టరు ఆగలేదు. తన అనుమానం నిజమైందన్న సంతోషం అలాంటిది. రుజువు అందరికీ కనబడేలా ఉండాలని, పనిముట్లు పెట్టే స్టీలు ట్రేలో నీళ్లు పోసి కవరు మొత్తం ముంచాడు. కాసేపటికి వంతెన లేదు. నల్ల ముద్ర మాత్రం తెల్లబడ్డ స్టాంపు మీద సున్నాలా మిగిలింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, అందరి ముందూ, ఆరిన కవరుని బావమరిది కంచం పక్కన పెట్టాడు.

"నీ నీలం ఎక్కడికి పోయిందో చెప్పు," అన్నాడు. "ప్రింటర్ సిరా ఇది. నన్ను వెధవని చేద్దామనుకున్నావా, నువ్వే వెధవవి అయ్యావా?"

డాక్టరు భార్య తమ్ముడి వంక చూసి తల దించుకుంది. ఏ మాటకైనా పది మాటలు అప్పజెప్పే కోతలరాయుడు ఆ పూట సగం అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. దొరికిపోయిన దొంగ అంతేగా అనుకుని డాక్టరు రెండోసారి వడ్డించుకున్నాడు.

పదిహేను రోజుల తర్వాత స్టాంపుల దుకాణం పెద్దాయన పంటి నొప్పితో వచ్చి కుర్చీలో పడుకున్నాడు. నోటి నిండా దూది ఉండలు, ఉమ్ము లాగే గొట్టం. ఎదురు చెప్పలేని శ్రోత దొరికాడు కదా అని డాక్టరు బావమరిది కథంతా విప్పాడు. నీలం, కవరు, దూది దాకా వచ్చేసరికి పెద్దాయన కళ్లు పెద్దవయ్యాయి. ట్రే దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఊ ఊ అన్నాడు.

"నొప్పిగా ఉందా? ఇంకొంచెం ఓర్చుకోండి," అని డాక్టరు పనీ ఆపలేదు, కథా ఆపలేదు.

పెద్దాయన ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి తోసి, దూదంతా ఉమ్మేశాడు.

"నీళ్లలో పెట్టావా?"

"పెట్టాను. రంగు మొత్తం దిగిపోయింది."

"దిగకపోతే నకిలీ, డాక్టరూ. చివర్లో ఆ రెండు దేశాలూ దార్లు మూసేశాయి. ప్రెస్సుకి రంగు దొరక్క, నీలానికి బళ్లో పిల్లలు రాసుకునే సిరా కలిపారు. వానకి తపాలా సంచుల్లోనే సగం పోయాయి. అందుకే ఎక్కడా దొరకవు. నన్నొక్క మాట అడగాల్సింది."

డాక్టరు తక్కిన పన్ను పని ఎలా ముగించాడో ఆయనకే తెలియదు.

సాయంత్రం వ్యాన్లు ఆపే చోటికి వెళ్లాడు. బావమరిది అద్దం తుడుస్తున్నాడు.

"అది అసలైందేరా. తప్పు నాదే," అన్నాడు డాక్టరు. ఎలా కరిగిందో, ఎందుకు కరిగిందో కూడా చెప్పాడు.

ఇప్పుడు ఎగిరిపడతాడనుకున్నాడు. బావమరిది గుడ్డ పక్కన పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు.

"నేను ఆవిడ ఇంటికెళ్లి నానా మాటలూ అన్నాను బావగారూ. నీ నాన్న అబద్ధాలకోరు, నువ్వు అంతకన్నా అన్నాను. పొద్దంతా సామాన్లు మోయించుకుని చిత్తుకాగితం అంటగట్టావన్నాను. కూలి కూడా వసూలు చేసుకొచ్చాను."

"ఆవిణ్ణెందుకు అన్నావు? నేనేదో అంటే..."

"మీరు నకిలీ అన్నారు కదా. మీరే చెప్పాక ఇంక అనుమానమేముంటుంది?"

ఆ మాటకి డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో తను ఒక్క మాట నమ్మని మనిషి, తన మాటని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. సిగ్గుతో ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఇద్దరూ కలిసి ఆవిడ కొత్త వాటాకి వెళ్లారు. తలుపు గొలుసు తియ్యకుండా, సందులోంచి చూసింది పెద్దావిడ. వెనక గదిలో ఇంకా విప్పని అట్టపెట్టెలున్నాయి.

"ఈసారేం తీసుకుపోదామని?" అంది.

డాక్టరు తనెవరో చెప్పుకున్నాడు. కూలి డబ్బు సందులోంచి అందించి, సిరా సంగతి చెప్పాడు.

"కరిగింది కాబట్టే అది అసలైంది అమ్మా. మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం."

ఆవిడ మొహం ఒక్కసారిగా మెత్తబడింది. "ఆ రోజునుంచి మా నాన్న ఫోటో పెట్టెలోంచి తియ్యలేదు బాబూ," అంది. "నాతో కూడా అబద్ధమే చెప్పాడనుకున్నాను." చెయ్యి బయటికి చాచింది. డాక్టరు కవరు ఇచ్చాడు. ముద్ర మధ్యనున్న తెల్లటి చోట వేలితో తడిమి చూసింది.

"నిజమో కాదో తెలుసుకోవడానికి కరిగించారా?"

అవునన్నట్టు బావమరిది తలూపబోయాడు.

"కాదమ్మా," అన్నాడు డాక్టరు. "అబద్ధమని తేల్చడానికి."

ఆవిడ కవరు తిరగేసి, మళ్లీ ముందువైపుకి తిప్పింది.

"ఇప్పుడు ఇది చూపించి, మా నాన్న దేశం ఉండేదని చెబితే ఎవరైనా నమ్ముతారా?"

"నమ్మరమ్మా," అన్నాడు డాక్టరు. "నేనైతే అసలే నమ్మను."

ఆవిడ కవరుతో సహా చెయ్యి లోపలికి లాక్కుని తలుపు వేసేసుకుంది.