గోడ అవతల కొలత

"దాని కడుపుకేం తక్కువ చేశాం?" అన్నాడు భర్త, రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కుని. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా మీద తోక తెగిన తొండ వెల్లకిలా పడి ఉంది. పక్కనే పిల్లి తీరిగ్గా మూతి నాక్కుంటోంది. ఆమె కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. తొండను పాత పేపరులో చుట్టి పారేసి, ఫినాయిల్ వేసి తుడిచి, చేతులు కడుక్కుని, సగం తరిగిన కూరగాయల దగ్గర మళ్ళీ కూర్చుంది. ఆ ఇంట్లో చచ్చినవాటిని ఎత్తడం ఎవరి పని అన్న ప్రశ్న ఎన్నడూ రాలేదు.

"ఒక కాన్పయితే ఈ తిరుగుడు అదే మానుతుందిలే" అంది అత్తగారు, పిల్లిని ఉద్దేశించి.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో "పిల్ల పుడితే ఫీల్డూ గీల్డూ అదే మర్చిపోతుంది" అని అత్తగారు వంటింట్లో ఎవరితోనో అంటుంటే విన్నది. అప్పట్లో ఆమె సర్వే ఆఫీసులో పని చేస్తూ, భుజాన కొలత పరికరం స్టాండు మోసుకుంటూ పొలాలూ గుట్టలూ తిరిగేది. కూతురు పుట్టాక కొన్నాళ్ళని ఆఫీసులోనే కూర్చుని చేసే సీటు పనికి మారింది. ఆ కొన్నాళ్ళు తొమ్మిదేళ్ళయింది. మగవాళ్ళు బయటికెళ్ళి కొలతలు తెస్తారు. తను చూడని వాగులకూ, ఎక్కని దిబ్బలకూ ఆమె పటం మీద గీతలు గీస్తుంది. సాయంత్రం బూట్ల మట్టి దులుపుకుంటూ వచ్చి, "టీలు కూడా మీరే చెప్పేయండి మేడమ్, ఎలాగూ కూర్చునే ఉంటారుగా" అంటారు. చెప్పేస్తుంది.

భర్త పిల్లి మెడకు గంట కట్టాడు. రెండు వారాలు ఇంటికి ఏదీ రాలేదు. మూడో వారం మళ్ళీ తొండ. "నాసిరకం గంట" అన్నాడతను. గంట మోగుతూనే ఉంది, ఇంట్లో తిరిగినంతసేపూ. మరి వేటకు వెళ్ళినప్పుడు ఏమవుతోందో ఆమెకు తెలుసుకోవాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం, అందరి భోజనాలయ్యాక, సింకులో గిన్నెలు అలాగే వదిలేసి, బట్టలుతికే బండ మీద కాలు పెట్టి పెరటి గోడ దూకింది. అవతల ఖాళీ స్థలం, మోకాలెత్తు గడ్డి. పిల్లి పొట్ట నేలకు ఆనించి పాకుతోంది. మెడ బిగబట్టి, ఒక్కో పాదం ఎంత మెల్లగా మోపుతోందంటే గంట నాలుక కదలనే లేదు. మిడత ఎగిరింది. దూకి పట్టింది, వదిలింది, మళ్ళీ పట్టింది. పొద్దున పెట్టిన తిండి గిన్నెలో ఇంకా సగం ఉంది. ఆకలి మాటే లేదు ఇందులో. దానికి ఈ పని వచ్చు, చేస్తోంది.

ఆమె కూడా నడిచింది. గోడ మూల నుంచి అవతలి కంచె దాకా, అడుగులు లెక్కపెడుతూ. ముప్ఫై రెండు మీటర్లు. మహా అయితే అర మీటరు అటూ ఇటూ. కాళ్ళు మర్చిపోలేదు.

"టీ ఏమైంది?" లోపల్నుంచి కేక. కాసేపటికి గోడ మీద భర్త తల కనిపించింది. "అక్కడేం చేస్తున్నావ్?"

"కొలుస్తున్నా."

"చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"పిల్లి కోసం వచ్చాననుకుంటారు."

ఆమె మళ్ళీ నడవడం చూసి అతను దిగిపోయాడు. ఆమె పొడవు అయ్యాక వెడల్పు కూడా కొలిచి గానీ గోడెక్కలేదు. గిన్నెలు తర్వాతే తోమింది, ఎప్పటిలాగే, ఒక్కతే.

కొండ రోడ్డు సర్వేకి మనుషులు కావాలని ఆఫీసు బోర్డు మీద కాగితం అంటించి పది రోజులైంది. సోమవారం ఆమె దరఖాస్తు రాసి అధికారి బల్ల మీద పెట్టింది. ఆయన చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఆర్నెల్ల పని మేడమ్. పొద్దున్నే బయల్దేరాలి, ఎండల్లో తిరగాలి. ఇంట్లో అడిగారా?"

"లేదు సార్" అంది. "సాయంత్రం వెళ్ళి చెప్తాను."